కడతీర్పరి పీట

మధ్యాహ్నం కావస్తున్నా బేతాళగండిలో మంచు విడలేదు. అటొక రాతిగోడ, ఇటొక రాతిగోడ, నడుమ ఎంత లోతుందో ఎవరూ దిగి చూడని అగాధం. దాని మీద వేలాడే తాళ్ళ వంతెన సగం దాటాడో లేదో, వెనక ఒక తాడు పుటుక్కున తెగిన చప్పుడు కాచన చెవిన పడింది. తెంచింది గాలి కాదు. గండిని కాచుకొని ఉండే శాకిని వంతెన మొదట్లో తీరుబడిగా కూర్చొని, జడపాయలతో ఒక్కొక్క తాడునే దగ్గరికి లాక్కుని కొరుకుతోంది. దాని ముఖం పిండి పూసినట్టు తెల్లగా ఉంది. కళ్ళకు రెప్పలు లేవు.

ఎవరు నువ్వని అడిగింది. రత్నమెట్టకు పోతున్న కొత్త కడతీర్పరినని కాచన చెప్పాడు. ఆ మాట వినగానే శాకిని కొరకడం ఆపి నవ్వింది. అతడి ఒంటి మీది లాంటి నీలి శాలువాయే కప్పుకొని ఇదివరకు ఇద్దరు ఈ వంతెన దాటారనీ, పోతుంటే చూసిందే గాని తిరిగి వస్తుంటే చూడలేదనీ, తన నోటి ముందు కూడును అక్కడెవరో కాజేస్తున్నారనీ వాపోయింది.

"ఈసారి మాత్రం వాడికి దక్కనివ్వను" అని చివరి తాడు కొరికేసింది.

వంతెన కూలింది. కాచన పులికోన తేనెగాడు. నడుముకు తాడు కట్టుకొని కొండచరియల్లోంచి తేనెపట్లు దింపడం వాళ్ళ ఇంటి పని. పడుతూనే తెగిన తాడును మణికట్టుకు చుట్టేసి, గాల్లో ఊగిపోయి, అవతలి చరియకు భుజంతో గుద్దుకున్నాడు. శాకిని జడపాయ ఒకటి గండి దాటి సాగి చీలమండను పట్టుకుంది. మొలలోని కత్తి తీసి పాయను కోసేశాడు. కోసినా అది వదలక కాలి వెంట పైకి పాకుతుంటే, పళ్ళ బిగువున గట్టెక్కి, బండకేసి రుద్ది రుద్ది తెంచిపారేశాడు. వెనక మంచులో శాకిని ఏడుపు చాలాసేపు వినిపించింది. ఆకలితో ఏడ్చే ముసలిదాని ఏడుపు అది. కాచన వెనక్కి తిరిగి చూడకుండా నడిచాడు.

తేనె దింపేవాడికి తీర్పరి శాలువా ఎక్కడిదని మీరడగవచ్చు. చెబుతాను.

నీలగండి రాజు పోయిన కొన్నాళ్ళకు పుట్టిన మగబిడ్డ, ఆ రాజ్యానికి ఒక్కగానొక్క వారసుడు, ఒక మిట్టమధ్యాహ్నం ఉయ్యాల్లోంచి మాయమయ్యాడు. ఉయ్యాల పక్కన ఉన్న దాది పేరు నాగమ. ఆమె కాచనకు అక్క. తల్లి పోతే తమ్ముణ్ణి చంకనేసుకొని పెంచిన అక్క. బిడ్డను ఈమే ఏట్లో పారేసిందని మంత్రి శంబరదత్తుడు నేరం మోపాడు. శంబరదత్తుడు కొలువులో ఉన్నంతసేపే మంత్రి. కొలువు దాటితే ఏమిటో రాజధాని రత్నమెట్టలో అందరికీ తెలుసు, మంత్రగాడని పైకి అనేవాడు మాత్రం లేడు. రాణిని జబ్బు పేరుతో అంతఃపురంలో పెట్టి తాళం వేసింది కూడా అతడే. వారసుడి హత్య కేసు తీరనంతకాలం సింహాసనం మీద ఎవరూ కూర్చోరాదని అక్కడి శాసనం. నాగమ దోషి అని తేలిందా, ఆమె తల తెగిపడిన మరుక్షణం సింహాసనం మంత్రిది.

తేల్చవలసినవాళ్ళు ముగ్గురు: పెద్ద తీర్పరి, నడిమి తీర్పరి, కడతీర్పరి. ముగ్గురిలోనూ చివరగా కొలువులో చేరినవాడు కడతీర్పరి. తల నెరిసినవాడైనా, కొలువుకు కొత్త అయితే అతడు కడతీర్పరే. అతడి పీట ఖాళీగా ఉంటే ధర్మసభ కొలువుతీరదు. ఆ పీటకోసం బయలుదేరిన దేవలశర్మ అనే పెద్దాయన దారిలో సత్రంలో పాము కరిచి పడి ఉండగా, అక్కను విడిపించుకుందామని అదే దారిన వస్తున్న కాచన కంటబడ్డాడు. దోషి అనమని మంత్రి పంపిన కబురుకు తాను ఒప్పుకోలేదనీ, కరిచిన పాము పడగ మీద మంత్రిగారి ముద్ర ఉందనీ ఆయన చెప్పాడు. కాచన ఎవరో, ఎందుకు వెళుతున్నాడో విన్నాడు. విని, తన నీలి శాలువా తీసి కాచన భుజాల మీద స్వయంగా కప్పాడు.

"పోయి పీట మీద కూర్చో నాయనా. మీ అక్క ప్రాణం నీ చేతిలోనే ఉంటుంది" అన్నాడు. అంతే, ఆయన ప్రాణం పోయింది.

ఆ పీట మీద కూర్చున్నవాడు ఏం చేయాలో చెప్పే వ్యవధి ఆయనకు లేకపోయింది. కాచన అడగనూ లేదు. అడగడానికేముంది, తనకు తెలిసిందే అనుకున్నాడు. పులికోనలో నలుగురు పెద్దలు కూర్చున్నచోట కుర్రవాడు చివర కూర్చుంటాడు. పెద్దలు మాట్లాడేదాకా నోరు మెదపడు. వాళ్ళన్నాక తల ఊపుతాడు. కడతీర్పరి అంటే అంతేగా! పెద్దలిద్దరూ ఏదో ఒకటి అంటారు, ఆ గందరగోళంలో అక్కను భుజాన వేసుకొని ఉడాయించవచ్చు. ఇదీ మనవాడి పథకం.

రత్నమెట్ట సింహద్వారం దాటగానే కాచన అడుగు నెమ్మదించింది. ఎర్రరాతి మేడలు, నెమళ్ళు చెక్కిన వసారాలు, వీధివీధినా చలువపందిళ్ళు; చూడముచ్చటైన నగరం. కాని ఎక్కడా ఒక్క పిట్ట కూత లేదు. వాకిళ్ళలో ముగ్గులు లేవు. నీలి శాలువా కనబడగానే ఆడవాళ్ళు పిల్లల్ని లోపలికి లాక్కున్నారు. ఆ తరవాత ఇంటింటి గడపలోంచి ఒక చెయ్యి మాత్రం బయటికి వచ్చి, అతడు నడిచే దారిలో పేలాలు చల్లింది. పేలాలు చల్లేది శవం ముందర. బతికున్న మనిషి అడుగుల ముందు చల్లుతుంటే, తన పాడె తానే మోసుకుపోతున్నట్టనిపించింది కాచనకు. "చిన్నపీట అయ్యగారు పోతున్నారు" అని ఎవరో కిటికీ వెనక గుసగుసలాడారు. ఆ గొంతులో వేళాకోళం ఉంది, జాలీ ఉంది.

శంబరదత్తుడు కోట వాకిట్లోనే ఎదురొచ్చాడు. సన్నని మనిషి, మెత్తని గొంతు, ఉంగరాలు లేని పొడుగాటి వేళ్ళు. కాళ్ళకు నీళ్ళిచ్చాడు, పక్కన కూర్చోబెట్టుకొని భోజనం పెట్టించాడు, దేవలశర్మగారి పాండిత్యం గురించి ఎంతో విన్నానని పొగిడాడు. దేవలశర్మ ఇంత కుర్రవాడని మాత్రం విన్లేదన్నాడు. ఒంటి మీది గాయాలు చూసి, శాకినితో పోట్లాడి బతికిన పండితుణ్ణి ఇదే చూడడమన్నాడు. అంతా తెలిసే అంటున్నాడేమోనని కాచన తలెత్తకుండా తినసాగాడు. తెలిసినా మంత్రికి పట్టలేదు. అతడికి కావలసింది శాలువా కప్పుకున్న ఒక బతికున్న గొంతు, అంతే.

ఈ కేసులో కడతీర్పరిగారి ఆలోచన ఎలా ఉంటుందని చేతులు కడుక్కుంటూ అడిగాడు. కాచన తన ఊరి మర్యాద ప్రకారం, పెద్దల మాటే తన మాటన్నాడు. పెద్దలిద్దరి మనసూ దోషి అనే వైపే ఉందని మంత్రి అంటే, అయితే తనదీ అదేనన్నాడు. శంబరదత్తుడి ముఖం విప్పారింది. ముందు వచ్చిన ఇద్దరూ ఈ చిన్న సంగతి ఒప్పుకోక చాలా ఇబ్బంది పడ్డారని, పడినవాళ్ళ మీద ఎంతో దయ ఉన్నవాడిలా నిట్టూర్చాడు.

ధర్మమండపం కొండను తొలిచి కట్టింది. బయట రాతి వసారా, జనం నిలబడే ముంగిలి. వసారా దూలానికి మనిషి పొడుగు కత్తి ఒకటి మొన కిందికి వేలాడుతుంది. సరిగ్గా దాని కింద నాగమను కూర్చోబెట్టారు. కత్తిని మోసే తాడు గడప దాటి లోపలికి వెళ్ళి మూడు పాయలవుతుంది. ఒక్కొక్క పాయ ఒక్కొక్క తీర్పరి చేతిలో ఉంటుంది. దోషి అన్న తీర్పరి తన పాయ వదలాలి. ముగ్గురూ వదిలితేనే కత్తి దిగుతుంది. పెద్దలిద్దరి సింహపీఠాలు గుహ చివరి గోడకు ఆనుకొని ఉన్నాయి. కడతీర్పరి పీట మాత్రం గడప పక్కనే, నేరం మోపబడినవాళ్ళ ముఖం కనబడేంత దగ్గరలో ఉంది.

అక్క చిక్కి సగమైంది. జుట్టు అట్టకట్టింది. శాలువా కప్పుకున్న మనిషిని చూసి కళ్ళు పెద్దవి చేసి, వెంటనే దించుకుంది. ఆ ఒక్క చూపుకే కాచనకు ఏడుపొచ్చింది. ఏడిస్తే ఇద్దరి ప్రాణాలూ పోతాయని పెదవి కొరుక్కున్నాడు.

లోపల పట్టపగలే దీపాలు వెలుగుతున్నాయి. సాంబ్రాణి పొగ ఊపిరాడనివ్వడం లేదు. కాచన పీట మీద కూర్చొని, తాడు పాయ అందుకొని, పెద్దలకు నమస్కరించాడు. వాళ్ళూ సరిగ్గా అదే క్షణంలో చేతులు జోడించారు. అంతటివాళ్ళు తనకు ఎదురు నమస్కారం పెట్టడం చూసి, ఎంత వినయం అనుకున్నాడు. చెమట తుడుచుకున్నాడు. వాళ్ళూ తుడుచుకున్నారు. పెద్ద తీర్పరి పద్మనిధి ముఖమంతా మందంగా గంధం అలికారు. నడిమి తీర్పరి గుణాకరుడి మెడలో పూలదండలు గడ్డం దాకా వచ్చాయి. పీట చల్లదనం పంచెలోంచి ఎముకల్లోకి పాకింది. "అబ్బా" అన్నాడు కాచన తనలో తాను. పీట కిందినుంచి, రాతి అడుగునుంచి, "అబ్బా", "అబ్బా" అని రెండు గొంతులు మెల్లగా అన్నాయి.



శంబరదత్తుడు నేరం చదివాడు. దాది నిద్రపోయిందన్నాడు, బిడ్డ ఏడిస్తే విసుక్కుందన్నాడు, ఏటి ఒడ్డున ఆమె అడుగుజాడలున్నాయన్నాడు. చదివి, ఇక తీర్పు అని పక్కకు తప్పుకున్నాడు. కాచన పెద్దలవైపు చూశాడు. పెద్దలు అతడివైపు చూశారు. ఎంతసేపటికీ ఎవరూ మాట్లాడరు. మంత్రి దగ్గాడు. ఇదేం సభరా భగవంతుడా అని విసుగెత్తి, కాచన ఎంతో మర్యాదగా తల వంచి అన్నాడు:

"పెద్దలు ముందు చెప్పాలి."

"పెద్దలు ముందు చెప్పాలి" అన్నాడు పద్మనిధి.

"పెద్దలు ముందు చెప్పాలి" అన్నాడు గుణాకరుడు.

"పెద్దలు ముందు చెప్పాలి" అని పీట కింద రెండు గొంతులూ గొణిగాయి.

ముంగిట్లో జనానికి ఇందులో వింత కనిపించలేదు. పెద్దవాళ్ళు ఒకరినొకరు గౌరవించుకుంటున్నారనుకొని కొందరు తలలూపారు. కాచన మాత్రం చెవులు రిక్కించాడు. మాట ఒక్కటే కాదు, యాస కూడా తనదే, పులికోన యాస. పరీక్షకని ఎడమచేతి చిటికెనవేలు ఎత్తాడు. గంధపు ముఖం కింద ఒక చిటికెనవేలు లేచింది. పూలదండల కింద ఇంకొకటి లేచింది. ఆ వేళ్ళ గోళ్ళు నల్లగా కమిలి ఉన్నాయి. పెద్దలిద్దరూ చచ్చి చాలాకాలమైంది. వాళ్ళు తమంతట తాము ఏమీ మొదలుపెట్టలేరు. పీట మీది బతికున్నవాణ్ణి చూసి తిరిగి చేయగలరు, తిరిగి అనగలరు, అంతవరకే. ఒప్పుకోని పెద్దలను చంపి కూర్చోబెట్టాడు శంబరదత్తుడు. అందుకే అతడికి బతికున్న కడతీర్పరి కావలసి వచ్చాడు.

మంత్రి చెవి దగ్గరికి వంగి, మెత్తని గొంతును ఇంకా మెత్తగా చేసుకొని, పరాచికాలు చాలించమన్నాడు. ఒక్క మాట, దోషి, అని తాడు వదిలితే చాలు, సంచులకొద్దీ వరహాలతో ఇంటికి పోవచ్చు. లేదంటే పీట కింద ఇంకొకరికి చోటుందన్నాడు.

ముందు తానెందుకు చెప్పాలో, చెబితే దానికి విలువేమిటో కాచనకు ఇంకా అర్థం కాలేదు. అప్పుడు కత్తి కింద కూర్చున్న నాగమ చేతులెత్తింది. తీర్పుకు ముందు కడతీర్పరిని ఒక్క ప్రశ్న అడిగే హక్కు నేరం మోపబడినవాళ్ళకు ఉంది. అంతమంది జనం ముందు మంత్రి కాదనలేకపోయాడు.

"కడతీర్పరిగారూ, మీరు ఈ పీట కాడ ఎందుకు కూకున్నారో నాకు చెప్పాల" అంది. అని, జవాబు కోసం ఆగకుండా తానే అందుకుంది. "నాకు తెలిసింది చెప్తాను, తప్పయితే దిద్దండి. కడతీర్పరంటే అందరికన్నా తక్కువోడని ఊళ్ళో నవ్వుతారు. తక్కువోడు కాదయ్యా. ఆఖర్న వచ్చినోడు. పెద్దోళ్ళు ముందు చెప్పేస్తే చిన్నోడు భయపడి తలూపుతాడని, ఎనకటి రాజు ఎవరో ఆఖర్న వచ్చినోడే ముందు చెప్పాలని పెట్టాడంట. వాడు ఎవరి మొహమూ చూడకుండా, నా మొహం చూసి చెప్పాల. అందుకే వాడి పీట నా కాడ ఏశారు. ఆఖర్న లేచి తలుపేసేది కూడా వాడేనంట. రాణమ్మగారి కాడ పనిచేసేటప్పుడు విన్నాను. అవునా, కాదా?"

కాచన ఆమె ముఖం చూశాడు. చిన్నప్పుడు జ్వరంలో కళ్ళు తెరిస్తే కనబడిన ముఖం అది. బిడ్డను ఏట్లో పారేసే చేతులా ఇవి? తమ్ముడు అక్కకు తీర్పు చెప్పడం ధర్మమేనా అని నిలదీసేవాళ్ళు ఉంటారు. ఉండనివ్వండి. తీర్పరులను చంపి బొమ్మల్లా ఆడిస్తున్నవాణ్ణి ముందు నిలదీసి రండి, ఆ తరవాత కాచన సంగతి చూద్దాం.

"అవునమ్మా" అన్నాడు. నాలుగు చచ్చిన గొంతులు అవునమ్మా అన్నాయి. కాచన లేచి నిలబడ్డాడు. లోపల ఇద్దరూ లేచి నిలబడ్డారు. ముంగిలి చివరిదాకా వినబడేలా చెప్పాడు:

"నిర్దోషి."

పద్మనిధి నిర్దోషి అన్నాడు. గుణాకరుడు నిర్దోషి అన్నాడు. కాచన తన పాయను పీట పక్కనున్న రాతి కొంకికి బిగించి కట్టాడు. పెద్దలిద్దరూ తమ పాయలు తమ పీఠాల కొంకులకు కట్టేశారు. పులికోన ముడి, లాగితే ఊడేది కాదు. జనం ఒక్కసారిగా సంతోషంతో కేకలు వేశారు. నాగమ ముఖం మోకాళ్ళలో దాచుకొని వెక్కివెక్కి ఏడ్చింది.

శంబరదత్తుడు ఏం చేయగలడు? ఈ ఇద్దరూ శవాలు, వీళ్ళ మాట చెల్లదు అని అరవాలి. అరిస్తే శవాలని తనకెలా తెలుసని అడుగుతారు. అతడి ముఖం మాడిపోయింది. కాని ఆ మనిషి అంత తేలిగ్గా ఓడేవాడు కాదు. కాసేపట్లో మళ్ళీ చిరునవ్వు తెచ్చుకొని, సభ ఇంకా లేవలేదని ప్రజలకు గుర్తుచేశాడు. ముద్దాయి చెప్పినట్టే, ముందు మాట్లాడినవాడు చివరగా బయటికి రావాలి. తనకన్నా ముందు కొలువులో చేరినవాళ్ళందరూ గడప దాటాక కడతీర్పరి తలుపు మూస్తేనే తీర్పు నిలుస్తుంది. పొద్దు గుంకేలోగా తలుపు పడకపోతే తీర్పు రద్దు. అంతవరకు ముద్దాయి కత్తి కిందినుంచి కదలరాదు. చెప్పి, పడమటివైపు చూశాడు. కొండ మీద సూర్యుడు బారెడెత్తున ఉన్నాడు.

చచ్చినవాళ్ళు ముందు ఎలా నడుస్తారు? వాళ్ళు తనను చూసి నడిచేవాళ్ళే గాని తనకు ముందు నడిచేవాళ్ళు కారు. కాచన గడపవైపు ఒక అడుగు వేశాడు; వాళ్ళు ఒక అడుగు వేశారు. ఇలా పోతే తానే ముందు బయటపడతాడు. ఆగాడు. ఆలోచించాడు. తరవాత వాళ్ళకు ఎదురుగా తిరిగి, గుహ లోపలికి నడవసాగాడు.

అతడు లోపలికి ఒక అడుగు వేస్తే వాళ్ళు బయటికి ఒక అడుగు వేశారు. మండపం నడుమ ముగ్గురూ భుజాలు రాసుకునేంత దగ్గరగా ఎదురుపడ్డారు. గంధం పెచ్చులూడిన చోట చర్మం లేదు. కుళ్ళిన పూల వాసన కాచన ముక్కుపుటాలు నింపేసింది. పద్మనిధి కళ్ళు తెరిచే ఉన్నాయి. వాటిలో కోపం లేదు, ఏదో అడగాలని అడగలేకపోతున్న బాధ ఉంది. కాచన కళ్ళు మూసుకొని నడిచాడు. మూసుకోగానే వాళ్ళూ కళ్ళు మూసుకున్నారని అతడికి తెలుసు. గోడ తగిలింది. నడవడానికి ఇక చోటు లేదు. వెనక్కి తిరిగి చూడకూడదు, చూస్తే వాళ్ళూ లోపలికి తిరుగుతారు. జనం కేకలను బట్టి వాళ్ళు గడప దగ్గర ఆగిపోయారని గ్రహించాడు.

అప్పుడు ముంగిట్లో ఒక ముసలామె గొంతు వినబడింది. ఏకాంత దీక్షలో ఉన్నాడని మంత్రి చెప్పగా నమ్మి, మగడి ముఖం చూసి ఎన్నాళ్ళో అయిన పద్మనిధి భార్య.

"ఏమండీ, నేనండీ, కామసానిని. నాతో ఒక్క మాటైనా మాట్లాడరేమండీ?"

జవాబు లేదు. ఆయన మొదలుపెట్టలేడు కదా. కాచనకు ఆ మౌనం భరించరానిదయింది. నుదురు గోడకు ఆనించి, చేతనైనంత మెత్తగా, "కామసానీ" అన్నాడు.

"కామసానీ" అన్నాడు గడప దగ్గర పద్మనిధి. నడిమి తీర్పరి కూడా ఆ పేరే పలికాడు గాని, ముసలామె చెవులకు అది పట్టలేదు. ఆమె ఏడుస్తూ ముందుకొచ్చి మగడి చెయ్యి పట్టుకుంది. సరిగ్గా అప్పుడే కాచన, తేనెపట్టు కోసం చరియ ఎక్కేవాడిలా, ఎదుటి గోడ మీదికి కాలు ఎత్తిపెట్టాడు. ఒక కాలు, ఆ తరవాత రెండోది. గడప దగ్గర ఇద్దరూ కాళ్ళెత్తి, గడప దాటి, వసారాలో దిగారు. దిగగానే మంత్రం విడిపోయింది. పద్మనిధి భార్య ఒడిలోకి ఒరిగాడు. ఎన్నాళ్ళుగానో శవమైన మనిషి ఎలా ఉంటాడో అలా ఒరిగాడు. గుణాకరుడు పక్కనే కుప్పకూలాడు.

ముంగిట్లో పుట్టిన గగ్గోలు అంతా ఇంతా కాదు. కామసాని అరవలేదు. మగడి తల తొడ మీద పెట్టుకొని, చెంగుతో గంధం తుడుస్తూ, "ఎవరు చేశారీ పని?" అని ఒక్కసారే అడిగింది. జనం కళ్ళన్నీ శంబరదత్తుడి మీదికి తిరిగాయి. అతడు రెండడుగులు వెనక్కి వేశాడు. పొడుగాటి వేళ్ళు గాల్లో ఏదో అల్లడం మొదలుపెట్టాయి.

కాచన గోడ వదిలి పరుగున వచ్చి తలుపు కడియం అందుకున్నాడు. సూర్యుడి అంచు కొండను తాకింది. ఎదురుగా అక్క తల మీద కత్తి ఇంకా వేలాడుతోంది.

"అయిపోయిందక్కా" అన్నాడు.

పీట కింది గొంతులు "అయిపోయిందక్కా" అన్నాయి.

అతడి చెయ్యి కడియం మీదే ఆగిపోయింది. ఆ ఇద్దరూ తనకన్నా ముందు ఇలాంటి నీలి శాలువా కప్పుకొన్నవాళ్ళు. తనకన్నా ముందు కొలువులో చేరినవాళ్ళు. వాళ్ళు బయటపడకుండా తాను తలుపు మూస్తే, ఆ తలుపుకు అర్థం లేదు, తీర్పుకూ లేదు. మంత్రి ధీమా దేని మీదో అప్పుడు తెలిసింది. కాచన వెనక్కి తిరిగి, పీటను ఒక్క తాపు తన్ని, దాని కింది బండ సందులో కత్తి దూర్చి పైకెత్తాడు. చల్లని గాలి ముఖాన కొట్టింది. కిందికి ఎంతో దూరం చీకటి. ఆ చీకట్లోంచి ఒక చంటిబిడ్డ ఏడుపు వినబడింది.

కాచన పెదవి కదపలేదు. చచ్చినవాళ్ళు మొదలుపెట్టలేరు. మండపంలో ఎవరూ ఏడవకుండానే ఆ ఏడుపు పుట్టింది; కాస్త ఆగి, గుక్క తిప్పుకొని, మళ్ళీ ఏడ్చింది.

శంబరదత్తుడి వేళ్ళు అల్లడం మానేశాయి. నాగమ కత్తి కింద నిటారుగా కూర్చుంది. ఆ గొంతు ఆమెకు తెలుసు. ఎన్నో పూటలు భుజాన వేసుకొని జోకొట్టిన రాకుమారుడి గొంతు.

"అక్కా, పొద్దు దిగిపోతోంది" అన్నాడు కాచన. "నేను కిందికి దిగితే..."

"నా పొద్దు సంగతి నీకెందుకు? వాడికి ఆకలేస్తోందిరా" అంది నాగమ. జనమంతా వింటున్నారని కూడా చూసుకోలేదు. "దిగరా కాచనా."

కాచన నీలి శాలువాను నిలువునా పేలికలుగా చీల్చి ముడివేసి, ఒక కొసను నడుముకు బిగించి, రెండో కొసను తలుపు కడియానికి ముడివేశాడు. గడప మీది ఎండ చెయ్యెడు మిగిలింది. అక్కవైపు చూస్తే దిగలేనని తెలిసి, చూడకుండా చీకట్లోకి దూకాడు.